రాసింది మీదే, రుజువు మీ దగ్గరుందా? డిజిటల్ కాలంలో రచయిత కాపీరైట్ పనులు వరుసగా

"వాట్సాప్‌లో నా పుస్తకం పీడీఎఫ్ తిరుగుతోంది, ఎవరికి చెప్పాలె?" "నా పాట ఎవరో పెట్టుకుని, పైగా నా వీడియో మీదనే క్లెయిమ్ వేసిండ్రు, ఎట్లా?" నల్లగొండ, మిర్యాలగూడ, వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు రాసేవాళ్లు, పాడేవాళ్లు మళ్లీ మళ్లీ అడుగుతున్న ప్రశ్నలివి. వీటి జవాబులో సగం దొంగతనం జరగకముందు చేయాల్సిన పనుల్లోనే ఉంది. తేదీ రుజువు, సంతకమైన కాగితం చేతిలో ఉన్నవాళ్లు ఫిర్యాదు దగ్గర మొదలుపెడతారు. అవి లేనివాళ్లు తమ రచన తమదేనని ఒప్పించడంలోనే అలసిపోతారు.

1. ముందు తేల్చుకోవాల్సింది: హక్కు ఎవరిది?

కాపీరైట్ చట్టం, 1957 ప్రకారం సొంతంగా రాసిన కవిత, కథ, పాట, వ్యాసం రాసి పూర్తిచేసిన నాటి నుంచే మీది. రిజిస్ట్రేషన్ చేయిస్తేనే హక్కు పుడుతుందన్నది అపోహ. అయితే ప్రతి రచనకూ రచయితే యజమాని కాదు. మీది కింది వాటిలో ఏదో చూసుకోండి.

- సర్కారు బడి టీచరు ఇంట్లో రాసుకున్న కవితలు ఆయనవే. డ్యూటీలో భాగంగా రాసిన పాఠ్యపుస్తకం, మాడ్యూల్ ఆయనవి కావు.
- పత్రికలో జీతానికి పనిచేసే ఉద్యోగి రాసిన వ్యాసాన్ని పత్రికలో ప్రచురించుకునే హక్కు యాజమాన్యానిది. వేరే ఒప్పందం లేకుంటే మిగతా హక్కులు రాసినవాళ్లవి. బయటి నుంచి రాసి పంపేవాళ్లు ఉద్యోగులు కారు, కాబట్టి వాళ్ల వ్యాసాలపై హక్కులు వాళ్లవే.
- డబ్బిచ్చి తీయించిన ఫొటోకు, వేయించిన బొమ్మకు, తీయించిన వీడియోకు, వేరే ఒప్పందం లేకుంటే తీయించినవాళ్లే యజమానులు. కవర్ పేజీ గ్రాఫిక్ విషయంలో ఈ సూత్రం మీద ఆధారపడకుండా ఆర్టిస్టు సంతకం తీసుకోండి.
- అనువాదం మీద హక్కు అనువాదకుడిదే, కానీ మూల రచనపై హక్కు ఉన్నవారి రాతపూర్వక అనుమతి ఉండాలి.
- కవి సమ్మేళనం తర్వాత వేసే సంకలనంలో ఏ కవిత హక్కు ఆ కవిది. ఎంపిక, కూర్పు వరకే సంపాదకుడిది.

ఇతివృత్తానికి, ఆలోచనకు కాపీరైట్ లేదు. దాన్ని చెప్పిన తీరుకే రక్షణ అని సుప్రీంకోర్టు 1978లోనే తేల్చింది. కరువు, వలస మీద మీరు రాసినట్టే ఇంకొకరూ కథ రాయవచ్చు. వాక్యాలు, సన్నివేశాల వరుస, పాత్రల మలుపులు అచ్చంగా దిగితేనే అతిక్రమణ.

గడువు రచయిత జీవితకాలం, ఆ పైన 60 ఏళ్లు. మరణించిన మరుసటి ఏడాది జనవరి 1 నుంచి లెక్క మొదలవుతుంది. పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి 1953లో కన్నుమూశారు. అంటే ఆయన రచనల గడువు 2013 డిసెంబర్ 31తో తీరింది. ఇప్పుడు ఎవరైనా అచ్చేసుకోవచ్చు. కానీ ఈమధ్య వచ్చిన ముద్రణలోని ముందుమాట, వివరణలు వాటిని రాసినవాళ్లవి, వాటిని స్కాన్ చేసి పెట్టకూడదు. అట్లాగే ఆయన సంపాదకత్వంలో 1934లో వచ్చిన గోలకొండ కవుల సంచికలో 354 మంది కవులున్నారు. సంపాదకుడి గడువు తీరిందని అందరిదీ తీరినట్టు కాదు, ఒక్కొక్క కవి మరణ సంవత్సరం విడిగా చూడాలి.

2. అచ్చుకు ముందు: తేదీ రుజువు

వివాదం వస్తే అడిగే మొదటి మాట "నువ్వు ఎప్పుడు రాసినవ్?" దానికి ఒక్క రుజువు సరిపోదు, ఒకదాన్నొకటి బలపరిచేవి రెండు మూడు ఉండాలి.

☐ చేతిరాత ప్రతి. కొట్టివేతలు, దిద్దుబాట్లు ఉన్న పాత నోట్‌బుక్కును పారేయకండి. శుద్ధప్రతి కంటే అదే బలమైన సాక్ష్యం.
☐ పూర్తయిన రచనను మీ ఈమెయిల్ నుంచే ఇద్దరు మిత్రులకు పంపండి. ఆ మెయిల్ తొలగించకండి.
☐ పత్రికలో వచ్చి ఉంటే తేదీ, పేజీ సంఖ్య కనిపించేలా మొత్తం పేజీ స్కాన్.
☐ డీటీపీ సెంటర్ నుంచి పేజ్‌మేకర్ ఫైలు, పీడీఎఫ్ రెండూ పెన్‌డ్రైవ్‌లో తీసుకోండి. అను ఫాంట్లలో చేసిన ఫైలు వేరే కంప్యూటర్‌లో తెరుచుకోకపోవచ్చు, అందుకే యూనికోడ్‌లోకి మార్చిన ప్రతి కూడా దాచండి.
☐ ప్రెస్సు బిల్లు. దాని మీద పుస్తకం పేరు, ప్రతుల సంఖ్య, తేదీ రాయించుకోండి.

చాలామంది రచనను రిజిస్టర్ పోస్టులో తమకు తామే పంపుకుని కవరు విప్పకుండా దాస్తారు. ఆ కవరు ఏ తేదీన వచ్చిందో తెలుస్తుంది గానీ అప్పుడు లోపల ఏముందో అది చెప్పదు. దాని ఒక్కదాని మీద నమ్మకం పెట్టుకోవద్దు. ఐఎస్‌బీఎన్ కూడా అంతే. అది పుస్తకాన్ని గుర్తించే సంఖ్య, ఉచితంగానే ఇస్తారు, హక్కు పత్రం మాత్రం కాదు.

పీడీఎఫ్ లీకయ్యేది చాలాసార్లు డీటీపీ సెంటర్, ప్రెస్సు, ప్రూఫు చూసిన మిత్రుడు అనే మూడు చోట్ల నుంచే. ముగ్గురికీ ఒకే ఫైలు ఇవ్వకండి. ఒక్కో ప్రతిలో ఏదో ఒక పేజీలో చిన్న తేడా పెట్టండి. ఒకదాంట్లో 41వ పేజీలో ఒక కామా ఎక్కువ, ఇంకోదాంట్లో 63వ పేజీలో రెండు పదాల మధ్య అదనపు ఖాళీ. ఏది ఎవరికిచ్చారో నోట్‌బుక్కులో రాసుకోండి. లీకైన ఫైలు తెరిచి ఆ పేజీ చూస్తే ఎక్కడి నుంచి పోయిందో తెలుస్తుంది. అచ్చుకు పోయే చివరి ఫైలులో ఈ గుర్తులు తీసేయడం మరవకండి.

3. రిజిస్ట్రేషన్: అక్కర్లేదు, కానీ చేయించండి

రిజిస్ట్రేషన్ పత్రాన్ని కోర్టు ప్రాథమిక సాక్ష్యంగా తీసుకుంటుంది. అది తప్పని చూపించాల్సిన భారం అవతలివాడి మీద పడుతుంది. ఢిల్లీకి పోనక్కర్లేదు, కాపీరైట్ కార్యాలయం వెబ్‌సైట్‌లోనే అంతా అయిపోతుంది.

1. ఖాతా తెరిచి ఫారం 14 నింపండి. దానితోపాటు రచన వివరాల పత్రాలు రెండు ఉంటాయి. "వర్తించదు" అనైనా రాయండి గానీ ఏ గడీ ఖాళీగా వదలకండి.
2. రచన పీడీఎఫ్, సంతకం స్కాన్ జతచేయండి.
3. రుసుము కట్టండి. సాహిత్య, సంగీత, చిత్ర రచనలకు ఒక్కోదానికి 500 రూపాయలు, సౌండ్ రికార్డింగ్‌కు 2,000, వీడియో చిత్రానికి 5,000. కవితా సంపుటి మొత్తం ఒకే రచనగా వేయవచ్చు, 72 కవితలకు 72 దరఖాస్తులు పెట్టక్కర్లేదు.
4. డైరీ నంబరు వస్తుంది. అక్కడి నుంచి 30 రోజులు అభ్యంతరాల కోసం ఆగుతారు, తర్వాత పరిశీలన.
5. లోపాలు చూపిస్తూ లేఖ వస్తే 30 రోజుల్లో జవాబివ్వండి.

దరఖాస్తు ఎక్కువగా ఆగేది నిరభ్యంతర పత్రాల దగ్గర. ప్రచురణకర్త వేరేవారైతే వారి పత్రం, సహ రచయిత ఉంటే వారిది, కవర్ మీద ఇతరుల ఫొటో ఉంటే వారిది కావాలి. పుస్తకం పని నడుస్తున్నప్పుడే సంతకాలు తీసుకుంటే పని సులువు. మూడేళ్ల తర్వాత వెతుక్కుంటూ తిరగడం కష్టం.

4. ఒప్పందం: ఇక్కడే ఎక్కువ పోగొట్టుకుంటున్నారు

పీడీఎఫ్ దొంగ ఎత్తుకుపోయేది ఒక ప్రతిని. చదవకుండా పెట్టిన సంతకం మొత్తం హక్కునే ఎత్తుకుపోతుంది. అందుకే ఈ భాగం నిదానంగా చదవండి.

ముందు రెండు మాటల తేడా. అసైన్‌మెంట్ అంటే హక్కు రాసిచ్చేయడం, పొలం రిజిస్ట్రీ చేసినట్టు. లైసెన్స్ అంటే వాడుకోనివ్వడం, పొలం కౌలుకిచ్చినట్టు. చిన్న ప్రచురణకర్తకైనా, ఆడియో యాప్‌కైనా, యూట్యూబ్ చానెల్‌కైనా కౌలే ఇవ్వండి, పట్టా ఇవ్వకండి.

అసైన్‌మెంట్ రాతపూర్వకంగా, ఇచ్చేవారి సంతకంతో ఉండాలి. నోటిమాట చెల్లదు. ఏ రచన, ఏ హక్కులు, ఎంతకాలం, ఏ ప్రాంతం, ఎంత సొమ్ము అన్న అయిదూ అందులో ఉండాలి. కొన్ని రాయకపోతే చట్టమే నింపుతుంది:

- కాలం రాయకపోతే 5 ఏళ్లు.
- ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే.
- తీసుకున్న హక్కును ఏడాదిలోపు వాడుకోకపోతే, ఒప్పందంలో వేరుగా లేకుంటే, అది రద్దయినట్టే.
- ఒప్పందం నాటికి లేని, వ్యాపారంలోకి రాని మాధ్యమానికి, దాని పేరు ప్రత్యేకంగా రాస్తే తప్ప, ఆ ఒప్పందం వర్తించదు. 2012 సవరణతో వచ్చిన రక్షణ ఇది.

సినిమాలో చేరిన పాటకు ఇంకో రక్షణ ఉంది. సినిమా హాలులో ప్రదర్శనకు కాక ఇతరత్రా వాడకానికి వచ్చే రాయల్టీలో పాట రాసినవాళ్లకు సమాన వాటా హక్కు ఉంటుంది. ఆ హక్కును వారసులకో కాపీరైట్ సొసైటీకో తప్ప ఇంకెవరికీ రాసివ్వలేరు. "రాయల్టీ వదులుకుంటున్నాను" అని నిర్మాత రాయించుకున్నా నిలవదు. పాటల రచయితలు, స్వరకర్తలు ఇండియన్ పెర్ఫార్మింగ్ రైట్ సొసైటీలో సభ్యులైతే ఆ వసూలు సొసైటీ చూస్తుంది.

అచ్చు పుస్తకానికి వాడదగ్గ నమూనా వాక్యం ఇది. అంకెలు మీ అవసరాన్ని బట్టి మార్చుకోండి:

> "ఈ కవితా సంపుటిని తెలుగులో, కాగితంపై అచ్చు పుస్తకంగా మాత్రమే, 1,000 ప్రతులు, భారతదేశంలో అమ్మేందుకు, 3 సంవత్సరాల కాలానికి లైసెన్స్ ఇస్తున్నాను. ఈ-పుస్తకం, ఆడియో, వీడియో, అనువాదం, సినిమా, వెబ్ సిరీస్, కృత్రిమ మేధకు శిక్షణ ఇచ్చే హక్కులన్నీ రచయిత వద్దనే ఉంటాయి. అచ్చు ధరపై 10 శాతం రాయల్టీని ప్రతి ఏటా జూన్ 30లోపు లెక్కతో సహా చెల్లించాలి. గడువు ముగిశాక మిగిలిన ప్రతులను, డీటీపీ ఫైలును రచయితకు అప్పగించాలి."

ఇందులో "మాత్రమే" అన్న మాట తీసేయనివ్వకండి. "ప్రస్తుత, భవిష్యత్ మాధ్యమాలన్నిటిలో, శాశ్వతంగా, ప్రపంచవ్యాప్తంగా" అన్న వరుస ఎక్కడ కనిపించినా కొట్టేసి పక్కన సంతకం పెట్టండి. అవతలివాళ్లు ఒప్పుకోకపోతే, ఇంత చిన్న పుస్తకానికి ఇంత పెద్ద హక్కు ఎందుకని అడగండి.

ఒప్పందం బాగున్నా దెబ్బతినే చోటు ఇంకొకటుంది, పుస్తకం రెండో పేజీ. ప్రెస్సువాళ్లు పాత పుస్తకం ఫైలు మీదే కొత్తది కూర్చడంతో "సర్వహక్కులు ప్రచురణకర్తవి" అన్న పాత వరుస అట్లాగే ఉండిపోతుంది. ఆఖరి ప్రూఫులో ఆ పేజీని విడిగా చదివి, "కాపీరైట్: రచయిత" అని పేరు, సంవత్సరం వేయించండి.

యాప్‌లలో "అంగీకరిస్తున్నాను" నొక్కడమూ ఒప్పందమే. నిబంధనల్లో మూడు మాటలు వెతకండి: ఎక్స్‌క్లూజివ్, పర్పెచ్యువల్, ఇర్రివోకబుల్. ఎక్స్‌క్లూజివ్ ఉంటే ఆ రచనను ఇంకెక్కడా పెట్టలేరు. మిగతా రెండూ ఉంటే వెనక్కి తీసుకోలేరు. క్రియేటివ్ కామన్స్ లైసెన్సు (ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చని ముందే ఇచ్చే అనుమతి) కూడా అంతే. ఇష్టపడి ఇస్తే గొప్ప పని, కానీ ఇచ్చాక ఆ ప్రతి మీద వెనక్కి తీసుకోవడం కుదరదు.

5. జానపదం రికార్డు చేసేటప్పుడు

తరతరాలుగా పాడుతున్న పాటకు యజమాని లేడు. కానీ ఆ పాట మీద కొత్తగా మూడు హక్కులు పుడతాయి: కొత్తగా కట్టిన చరణాలు కట్టినవాళ్లవి, రికార్డింగ్ దాన్ని చేయించిన నిర్మాతది, పాడిన గొంతు మీద ప్రదర్శకుల హక్కు 50 ఏళ్ల పాటు పాడినవాళ్లది.

అచ్చంపేట వైపు ఒక ఊళ్లో కిన్నెర కథ రికార్డు చేస్తున్నారనుకోండి. కెమెరా పెట్టకముందు ఒక పేజీ కాగితం రాయండి: ఏ పాట, ఏ చానెల్‌కు, ఎంత ఇచ్చారు, వచ్చే ఆదాయంలో వాటా ఎంత, కళాకారుడి పేరు ఎక్కడ వేస్తారు. చదువురాని కళాకారులైతే కాగితం పూర్తిగా చదివి వినిపించండి, ఆ వినిపించడాన్ని కూడా వీడియో తీయండి, వేలిముద్ర పక్కన వాళ్ల ఊరివాళ్లే ఇద్దరితో సాక్షి సంతకాలు పెట్టించండి. వాళ్ల పాటతో వచ్చే ఆదాయంలో వాళ్లకు వాటా ఇవ్వడం దయ కాదు. వ్యాపార వాడకానికి రాయల్టీ పొందే హక్కు ప్రదర్శకులకు చట్టంలోనే ఉంది.

మీ జానపద వీడియో మీద ఇంకొక చానెల్ క్లెయిమ్ వేస్తే భయపడి తీసేయకండి. అది కంటెంట్ ఐడీ క్లెయిమో (యూట్యూబ్ యంత్రమే పోల్చి చూసి వేసేది), కాపీరైట్ స్ట్రైకో (తొలగింపు ఫిర్యాదుతో చానెల్ మీద పడే హెచ్చరిక) ముందు చూడండి. క్లెయిమ్ అయితే యూట్యూబ్ స్టూడియోలోనే (చానెల్ నడిపే పేజీ) డిస్ప్యూట్, అంటే అభ్యంతరం, పెట్టవచ్చు, అవతలివాళ్లు 30 రోజుల్లో జవాబు చెప్పాలి. "సంప్రదాయ గేయం, గొంతు ఫలానావారిది, రికార్డింగ్ మాది" అని రాసి, రికార్డింగ్ తేదీ చెప్పండి.

6. దొంగతనం కనిపించిన మొదటి గంట

ఎక్కువమంది చేసే తప్పు ఒక్కటే. కోపంలో ముందు ఫోన్ చేస్తారు, లేదా ఫేస్‌బుక్‌లో పెడతారు. అవతలివాడు అరగంటలో తొలగిస్తాడు. సాక్ష్యం అక్కడితో పోయింది. ముందు సాక్ష్యం, తర్వాతే మాట.

☐ లింకు మొత్తం కాపీ చేసి దాచండి, స్క్రీన్‌షాట్ ఒక్కటే చాలదు.
☐ స్క్రీన్ రికార్డింగ్ తీయండి. చిరునామా పట్టీ, తేదీ, పెట్టినవారి పేజీ, వీక్షణల సంఖ్య కనిపించాలి.
☐ టెలిగ్రాం అయితే చానెల్ లింకు, సభ్యుల సంఖ్య, ఫైలు పేరు, సైజు.
☐ వాట్సాప్ అయితే గ్రూపు పేరు, పంపిన నంబరు, సమయం. చాట్‌ను ఎక్స్‌పోర్ట్ చేయండి. ఆ ఫోన్‌ను రీసెట్ చేయకండి, అమ్మేయకండి.
☐ ఆ ఫైలును దించి, తెరిచి మార్చకుండా విడిగా ఉంచండి.
☐ మీ పుస్తకం, వాళ్ల ప్రతి పక్కపక్కన పెట్టి పేజీలవారీ పట్టిక రాయండి.

కోర్టులో ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియం, 2023లోని సెక్షన్ 63(4) సర్టిఫికెట్ కావాలి. అందులో రెండు భాగాలున్నాయి, ఒకటి పరికరం మీ చేతిలో ఉందని మీరిచ్చేది, రెండోది నిపుణుడిచ్చేది. ఫైలు హ్యాష్ విలువ (ఫైలుకు వేలిముద్ర లాంటి అక్షరాలు, అంకెల వరుస) కూడా రాయాలి. దించిన రోజే హ్యాష్ తీసి రాసి పెట్టుకుంటే తర్వాత ఫైలు మారలేదని చూపించవచ్చు.

7. ఫిర్యాదు రాయడం

కాపీరైట్ నిబంధనలు, 2013లోని 75వ నిబంధన కింద రాతపూర్వక ఫిర్యాదు అందితే, ఆ ఫైలున్న వేదిక (వెబ్‌సైట్ లేదా యాప్) 36 గంటల్లో ఆ లింకును అందుబాటు నుంచి తప్పించాలి. ఆ తొలగింపు 21 రోజుల వరకే. ఆలోపు కోర్టు ఉత్తర్వు తేకపోతే వాళ్లు తిరిగి పెట్టవచ్చు. ఫిర్యాదుల అధికారి చిరునామా ఆ వేదిక వెబ్‌సైట్‌లోనే ఉంటుంది. నమూనా:

> "1. రచన: కవితా సంపుటి, 72 కవితలు, 96 పేజీలు. రచయితను, హక్కుదారుని నేనే. రుజువులు జతచేశాను.
> 2. ఈ కింది లింకులో మొత్తం 96 పేజీల పీడీఎఫ్ నా అనుమతి లేకుండా ఉంది.
> 3. ఇది కాపీరైట్ చట్టం సెక్షన్ 52 మినహాయింపుల్లోకి (అనుమతి లేకుండా వాడుకోదగ్గ సందర్భాలు) రాదు. సమీక్ష కోసం కొన్ని పంక్తులు కాదు, పుస్తకం మొత్తాన్ని ఎవరైనా దించుకునేలా పెట్టారు.
> 4. పెట్టినవారి వివరాలు నాకు తెలిసినంతవరకు ఇవి.
> 5. అర్హత గల కోర్టులో దావా వేసి, ఈ ఫిర్యాదు మీకు అందిన నాటి నుంచి 21 రోజుల్లో ఉత్తర్వు ప్రతి అందజేస్తాను."

మూడో అంశం, అయిదో అంశం వదిలేస్తే ఫిర్యాదు అసంపూర్ణం. "నా పుస్తకం దొంగిలించారు, చర్య తీసుకోండి" అన్న ఒక్క వాక్యం ఎక్కడా పనిచేయదు.

యూట్యూబ్‌కు వేరే దారి ఉంది, స్టూడియోలోని కాపీరైట్ ఫారం. మీ కవిత ఎన్నో నిమిషం నుంచి ఎన్నో నిమిషం వరకు చదివారో రాయండి. వీడియో తీసేయడానికి అవతలివారికి 7 రోజులు గడువిచ్చే అవకాశమూ ఆ ఫారంలో ఉంది. తెలిసినవాళ్లు, పిల్లల చానెళ్లు అయితే అదే మంచిది. 90 రోజుల్లో మూడు స్ట్రైకులు పడితే చానెల్ పోతుంది, కాబట్టి తప్పుడు ఫిర్యాదు తేలిక వ్యవహారం కాదు. ఆధారం లేని బెదిరింపుల మీద ఎదురు దావా వేసే హక్కు సెక్షన్ 60 ఇస్తోంది.

టెలిగ్రాంలో పెట్టినవాడు ఎవరో తెలియకపోయినా దారి ఉంది. ఒక కోచింగ్ టీచర్ పాఠాలు, పుస్తకాలు అక్రమంగా పంచిన కేసులో, ఆ చానెళ్లు నడిపేవారి వివరాలు ఇవ్వాలని 2022 ఆగస్టులో ఢిల్లీ హైకోర్టు టెలిగ్రాంను ఆదేశించింది. గ్రూప్స్ పరీక్షల నోట్స్ రాసేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

ఇక "సేకరణ" అన్న మాట. మీ కవిత కింద పేరు తీసేసి ఆ ఒక్క మాట పెట్టి ఊరంతా పంపుతారు. ఇది చిన్న తప్పు కాదు. రచయితనని చెప్పుకునే హక్కు సెక్షన్ 57 కింద, హక్కులన్నీ అమ్ముకున్నాక కూడా, మీదే. గ్రూపులో ముందు మర్యాదగా "అన్నా, ఇది నా కవిత, ఫలానా పుస్తకంలో 34వ పేజీ, పేరు పెట్టి మళ్లీ పంపండి" అని పేజీ ఫొటోతో సహా పెట్టండి. చాలావరకు అక్కడే తేలుతుంది.

8. పోలీసు, కోర్టు

తెలిసి చేసిన అతిక్రమణకు కాపీరైట్ చట్టం సెక్షన్ 63 కింద 6 నెలల నుంచి 3 ఏళ్ల వరకు జైలు, 50 వేల నుంచి 2 లక్షల వరకు జరిమానా. ఇది పోలీసులు నేరుగా కేసు పెట్టదగ్గ నేరమని సుప్రీంకోర్టు 2022లో స్పష్టం చేసింది. స్టేషన్‌లో "ఇది సివిల్ మ్యాటర్, కోర్టుకు పో" అంటే ఆ తీర్పు ప్రతి చూపండి. జిరాక్స్ సెంటర్‌లో మీ పుస్తకం నకళ్లు అమ్ముతుంటే ఎస్‌ఐ స్థాయి అధికారి వారంటు లేకుండానే వాటిని స్వాధీనం చేసుకోవచ్చు.

సివిల్ దావాకు అవతలివాడి ఊరికి పోనక్కర్లేదు. సెక్షన్ 62 ప్రకారం మీరు నివసించే జిల్లాలోనే వేయవచ్చు. పెట్టినవాడు ఢిల్లీలో ఉన్నా నల్లగొండ రచయిత నల్లగొండ జిల్లా కోర్టుకు వెళ్లవచ్చు. వివాదం విలువ 3 లక్షలు, అంతకు మించితే అది వాణిజ్య వివాదం కిందికి వస్తుంది. అత్యవసర ఇంజంక్షన్ (వెంటనే ఆపమనే కోర్టు ఉత్తర్వు) అడగని పక్షంలో ముందు మధ్యవర్తిత్వానికి పోవాలి. కాలపరిమితి మూడేళ్లు.

లాయరు ఖర్చుకు వెనుకాడితే జిల్లా న్యాయ సేవాధికార సంస్థను అడగండి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. మొదటిసారి వెళ్లేటప్పుడు పట్టుకుపోవాల్సినవి: ఒప్పందం, రిజిస్ట్రేషన్ పత్రం లేదా డైరీ నంబరు, ప్రెస్సు బిల్లు, పేజీలవారీ పట్టిక, దించిన ఫైలున్న పెన్‌డ్రైవ్, ఫిర్యాదు పంపిన తేదీ. ఆ 21 రోజుల్లో ఎన్ని మిగిలాయో కూడా కాగితం పైన పెద్దగా రాయండి, లాయరు మొదట చూడాల్సింది అదే.